వీధుల్లో స్కేట్‌బోర్డింగ్‌ను ఆపాలా, హద్దులు పెడితే చాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నివాసుల సంఘం సమావేశంలో స్కేట్‌బోర్డుల ఊసు రాగానే గది రెండుగా చీలిపోతుంది. ఒకవైపు "పిల్లలన్నాక ఆడుకోరా" అనేవాళ్ళు, ఇంకోవైపు "ఎవరి కాలో విరిగాక చూద్దామా" అనేవాళ్ళు. ప్రతిసారీ వచ్చే సందేహాలు అవే కాబట్టి అన్నిటినీ ఒకచోట చేర్చాను. నా పక్షం ముందే చెప్పేస్తాను: మొత్తంగా నిషేధించడం దండగ. చోటు, వేళ, వేగం మీద మాత్రం కచ్చితమైన హద్దులు ఉండాలి.

## నియమం గురించి ఆలోచించకముందు

వీధి వేసింది బండ్ల కోసం కదా, అక్కడ ఆటలేమిటి?

పెద్ద రోడ్డు విషయంలో మీ మాట నిజం. ఇళ్ళ మధ్య వీధికి అదే సూత్రం పట్టుకోనక్కర్లేదు. నెదర్లాండ్స్ 1976లోనే "వోనెర్ఫ్" అనే నివాస వీధులకు చట్టంలో చోటిచ్చింది. అక్కడ నడిచేవాళ్ళూ ఆడుకునే పిల్లలూ వీధి వెడల్పంతా వాడుకోవచ్చు. బండ్లే నడక వేగంతో వెళ్ళాలి. జర్మనీలోనూ ఇలాంటి వీధులకు ప్రత్యేకంగా సూచిక ఫలకాలు పెడతారు. వీధి ఎవరిదన్నది మనం తేల్చుకునే విషయమే తప్ప ఎవరో ముందే రాసిపెట్టింది కాదు.

ఇంకోటి కూడా చూడాలి. బోర్డెక్కి బస్టాపు దాకా వెళ్ళడం ప్రయాణం. ఒకే మెట్టు దగ్గర గంటసేపు ఎగరడం ఆట. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి నియమం రాయడం వల్లే సగం తగాదాలు వస్తున్నాయి.

నిజంగా అంత ప్రమాదమా, లేక పెద్దవాళ్ళ కంగారా?

దెబ్బలు తగులుతాయి, అందులో సందేహం లేదు. పడేటప్పుడు ఎవరైనా ముందు చేయి చాపుతారు కాబట్టి మణికట్టు విరగడం, చీలమండ బెణకడం మామూలు. తలకు తగిలితేనే అసలు భయం. గాయపడినవారిలో మూడోవంతు మంది బోర్డెక్కి వారం కూడా కానివాళ్ళేనని అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంఘం తన సూచనల్లో రాసింది. పడిపోయి గాయపడిన సందర్భాల్లో సగానికి పైగా ఎగుడుదిగుడు నేల వల్లేనని కూడా చెప్పింది. చూడటానికి చిన్న గులకరాయే. కానీ గట్టి చిన్న చక్రం కింద పడితే బోర్డు ఉన్నచోటే ఆగిపోతుంది, మీదున్న మనిషి ఆగడు.

బండి గుద్దడం అంత తరచుగా జరగదు కానీ జరిగితే నష్టం మాత్రం చాలా పెద్దది. పడి దెబ్బలు తగలకుండా చూసుకోవడం ఇంట్లోవాళ్ళ పని. బండి గుద్దకుండా చూడటం వీధి పని. నియమాలు ఈ రెండోదాని మీద దృష్టి పెడితే చాలు.

పడితే వాళ్ళే పడతారు. దారిన పోయేవాళ్ళకేం నష్టం?

వదిలిన బోర్డుతో నష్టం. స్కేటర్ తూలి వెనక్కి దూకాడనుకోండి, కాళ్ళ కింద నుంచి బోర్డు ముందుకు దూసుకుపోతుంది. నేలకు జానెడు ఎత్తున వచ్చేది నడిచేవాళ్ళ కంట పడదు, తిన్నగా వచ్చి చీలమండకు తగులుతుంది. అదే బోర్డు రోడ్డు మధ్యకు వెళ్తే ద్విచక్ర వాహనదారు ఉలిక్కిపడి హ్యాండిల్ తిప్పేస్తాడు. ఇంకా ఘోరం, బోర్డు పోతోందని పిల్లవాడు అటూ ఇటూ చూడకుండా దాని వెంట పరుగెత్తడం. నన్నడిగితే పిల్లలకు ఓలీ (బోర్డుతో సహా గాల్లోకి ఎగరడం) కన్నా ముందు నేర్పాల్సింది ఒకటుంది: బోర్డు రోడ్డు మీదికి పోతే పోనివ్వాలి, దాని కోసం పరుగెత్తకూడదు.

ఒలింపిక్స్‌లో కూడా పెట్టారుగా, ఇక వీధిలో అడ్డు చెప్పడమేమిటి?

ఆ వాదన నిలవదు. విలువిద్య కూడా ఒలింపిక్ క్రీడే, అలాగని వీధిలో బాణాలు వేయనివ్వం. టోక్యో క్రీడలు 2021లో జరిగినప్పుడు స్కేట్‌బోర్డింగ్ తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. మెట్లు, కమ్ముల మీద విన్యాసాలు చేసే "స్ట్రీట్" పోటీలో, మహిళల విభాగంలో 13 ఏళ్ళ మోమిజీ నిషియా స్వర్ణం గెలిచింది. పురుషుల స్ట్రీట్ స్వర్ణం యూటో హోరిగోమేకు దక్కింది. ఇద్దరూ జపాన్ వాళ్ళే. ఆ జపాన్‌లోనే రద్దీ రోడ్ల మీద రోలర్ స్కేట్లు, బంతాటల వంటివి ఆడకూడదని రహదారి చట్టం చెబుతుంది. పతకాల దేశంలో కూడా ఆటకూ రద్దీకీ మధ్య గీత ఉంది.

అయితే ఒలింపిక్స్ వల్ల ఒక మేలు జరిగింది. "పనీపాటా లేని కుర్రాళ్ళ చేష్ట" అన్న మాటకు కాలం చెల్లింది.

ఎక్కడైనా పూర్తిగా నిషేధించి చూశారా? ఏమైంది?

చూశారు. నార్వే 1978 నుంచి 1989 దాకా స్కేట్‌బోర్డుల వాడకాన్నే కాదు, అమ్మకాన్ని కూడా నిషేధించింది. ఆట ఆగలేదు. కుర్రాళ్ళు అడవుల్లో దొంగచాటుగా ర్యాంపులు కట్టుకుని ఆడారు. చివరికి నిషేధమే పోయింది. 1960ల మధ్యలో అమెరికాలో పలు నగరాలు వీధుల్లో బోర్డులు ఆపాయి. అప్పట్లో మట్టి చక్రాలు నేలను పట్టి ఉండేవి కావు, ప్రమాదాలు ఎక్కువయ్యాయి. 1970ల తొలినాళ్ళలో ఫ్రాంక్ నాస్వర్తీ అనే అమెరికన్ నేలను పట్టి ఉండే పాలీయురథేన్ (ఒక రకం ప్లాస్టిక్) చక్రాలు తెచ్చేసరికి ఆట తిరిగి ఊపందుకుంది.

అమెరికాలోనే ఫిలడెల్ఫియా నగరం కథ ఇంకా తమాషా. అక్కడి లవ్ పార్కులో స్కేటర్లను తరిమేయాలని నగరం నిర్ణయిస్తే, ఆ పార్కు ఆలోచన చేసిన పట్టణ ప్రణాళికాకర్త ఎడ్మండ్ బేకన్ 2002లో, 92 ఏళ్ళ వయసులో, మనుషులు పట్టుకుని ఉండగా తానే బోర్డెక్కి నిరసన తెలిపాడు.

## ఫిర్యాదు వచ్చినప్పుడు

ఆ గోల భరించలేకపోతున్నాం. ఇంత చప్పుడు ఎందుకు?

ఆ చప్పుడంతా ఒకటి కాదు. పలకలు పరిచిన నేల మీద చక్రాలు అతుకులు దాటేటప్పుడు వచ్చే టకటక ఒకటి. గరుకు తారు మీద ఏకధాటిగా వచ్చే గరగర రెండోది. ఓలీ కొట్టేటప్పుడు తోక, అంటే బోర్డు వెనక కొస, నేలకు తగిలి వచ్చే ఠప్పుమనే శబ్దం మూడోది. నిద్రపోతున్నవాళ్ళను లేపేది ఈ మూడోదే, ఎందుకంటే అది ఎప్పుడు వస్తుందో తెలియదు.

మొదటి రెంటికీ మందుంది. విన్యాసాలకు వాడే చక్రాల గట్టిదనం సాధారణంగా 99ఏ నుంచి 101ఏ దాకా ఉంటుంది (అంకె పెరిగేకొద్దీ చక్రం గట్టిది). ప్రయాణానికి వాడేవి 78ఏ నుంచి 87ఏ దాకా ఉండే మెత్తని, పెద్ద చక్రాలు. ఇవి గరుకు నేల మీద కూడా గోల చేయకుండా పోతాయి, గులకరాళ్ళను కూడా దాటేస్తాయి. వీధి దాటి వెళ్ళడానికే బోర్డు వాడేవాళ్ళు చక్రాలు మార్చుకుంటే ఫిర్యాదుల్లో చాలావరకు తగ్గిపోతాయి. తోక చప్పుడుకు మాత్రం చక్రాలతో పరిష్కారం లేదు, వేళలు పెట్టుకోవాల్సిందే.

మా అరుగు అంచులు, మెట్లు పాడుచేస్తున్నారు. ఇది నష్టం కాదా?

నష్టమే. బోర్డు కింద ఉండే లోహపు ఇరుసులతో అంచు మీద జారితే రాయి పెచ్చులూడుతుంది. బాగా జారాలని రాసే మైనం దుమ్ము పట్టి నల్లటి చారలవుతుంది. ప్రైవేటు ఆస్తి మీద యజమాని వద్దంటే వద్దు, దాని మీద చర్చ లేదు. ఫిర్యాదు చేసేటప్పుడు మాత్రం పాడైన అంచు ఫొటో, తేదీ పెట్టండి. "మొత్తం వీధంతా నాశనం చేస్తున్నారు" అంటే కమిటీలో ఎవరూ పట్టించుకోరు.

అంచుల మీద ఇనుప గుబ్బలు బిగిస్తే పీడ విరగడవుతుందిగా?

ఆ అంచు వరకు ఔను. వాళ్ళు పక్క అంచుకు పోతారు. పైగా పెద్దవాళ్ళు కూర్చోవడానికి కూడా ఆ అరుగు పనికిరాకుండా పోతుంది. సమాధి రాళ్ళు, స్మారకాలు, ఆసుపత్రి ర్యాంపుల చేతికమ్ముల వంటి చోట్ల గుబ్బలు సబబే. ప్రతి బల్లకీ బిగించడం కోపంతో చేసే పని.

ఫుట్‌పాత్ మీద ముసలివాళ్ళు నడవడానికే భయపడుతున్నారు. ఏం చేయాలి?

ఇక్కడ నేను నడిచేవాళ్ళ పక్షం, మొహమాటం లేకుండా. వెనక నుంచి వచ్చే చక్రాల చప్పుడు విని పక్కకు తప్పుకోవడం 20 ఏళ్ళ మనిషికి చిటికెలో పని. మోకాళ్ళ నొప్పులున్నవారికి, చూపు తగ్గినవారికి అది కుదరదు. బోర్డు తగలకపోయినా, తప్పుకోబోయి పడితే తుంటి విరుగుతుంది. రద్దీగా ఉన్న ఫుట్‌పాత్ మీద దిగి బోర్డు చేత్తో పట్టుకుని నడవాలి. దుకాణాలు, ఆసుపత్రులు, బడి గేట్ల ముందు ఇది నియమంగానే పెట్టొచ్చు. ఖాళీగా ఉన్న చోట నడక వేగంతో వెళ్ళడానికి అభ్యంతరం అక్కర్లేదు.

నేరుగా వెళ్ళి గట్టిగా నాలుగు తిడితే వినరా?

ఆ పూటకు వింటారు. మర్నాడు మీ గేటు ముందే ఆడతారు! బోర్డు మీద కదులుతున్నవాడితో మాట్లాడబోకండి, ఆగినప్పుడు మాట్లాడండి. "ఇక్కడ ఆడొద్దు" అనేకన్నా "మా నాన్నగారు రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటారు, ఆ వేళ అటు చివర ఆడుకోండి బాబూ" అంటే పని జరుగుతుంది. గుంపులో అందరికన్నా పెద్దవాడెవరో చూసి అతనికి చెప్పండి. మిగతావాళ్ళు అతని మాటే వింటారు.

## నియమం రాసేటప్పుడు

మిగతా దేశాలు ఎక్కడ గీత గీశాయి?

ఆస్ట్రేలియా నమూనా రహదారి నియమాలు నాకు బాగా నచ్చుతాయి. మధ్యలో విభజన గీత గానీ డివైడర్ గానీ ఉన్న రోడ్డు మీద, వేగ పరిమితి గంటకు 50 కిలోమీటర్లు దాటిన రోడ్డు మీద, ఒకటికి మించి వరసలున్న వన్‌వే మీద బోర్డు నడపకూడదు. రాత్రి రోడ్డు మీద అసలే కూడదు. అంటే నిశ్శబ్దంగా ఉండే చిన్న వీధి మిగులుతుంది. రాష్ట్రాన్ని బట్టి మార్పులుంటాయి.

జర్మనీ దారి వేరు. అక్కడ స్కేట్‌బోర్డు వాహనం కిందికి రాదు, పాదచారుల నియమాలు వర్తిస్తాయి. వాహనాలు నడిచే దారిలో ఆటలు కూడదు, ఆటకు వీలిచ్చే సూచిక ఫలకం ఉంటే తప్ప. ఈ దేశాలు నిషేధించింది స్కేట్‌బోర్డును కాదు, తగని చోటును.

ఏ వీధిలో ఆపాలి, ఏ వీధిలో వదిలేయాలి? ఎలా తేల్చాలి?

కాగితం మీద కాకుండా వీధిలోకి వెళ్ళి తేల్చాలి. అన్నిటికన్నా ముందు పల్లం చూడండి. వాలు చివర కూడలి ఉంటే ఆ వీధిలో బోర్డు వద్దు, ఇందులో బేరాలు లేవు. బోర్డుకు బ్రేకు ఉండదు. కాలు నేలకు రాపాడించడం, తోక నొక్కడం, అడ్డంగా తిప్పడం, ఇవే దానికి బ్రేకులు. వాలులో వేగం పెరిగాక కొత్తవాళ్ళకు ఇవేవీ పనిచేయవు.

తర్వాత చూపు సంగతి. పిల్లవాడి ఎత్తున వంగి నిలబడి చూడండి. వరసగా నిలిపిన కార్ల మధ్య నుంచి బోర్డు బయటికొస్తే డ్రైవరుకు ఎంత దూరం నుంచి కనబడుతుంది? ఎండు రోడ్డు మీద, డ్రైవరు ఒక సెకనులో తేరుకున్నాడనుకుంటే, గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఆగడానికి సుమారు 13 మీటర్లు కావాలి. 50లో ఉంటే 28 మీటర్ల దాకా పడుతుంది. మీ వీధి మలుపు దగ్గర అంత దూరం కనబడకపోతే అక్కడ ఆటకు చోటు లేదు.

నేల ఎలా ఉంది, బండ్లు ఏ వేళల్లో ఎక్కువ, గేట్ల నుంచి కార్లు వెనక్కి వచ్చే చోట్లు ఏవి అన్నది ఆ వీధిలో ఉండేవాళ్ళకే తెలుసు. అడగండి.

స్కేటర్లకు హద్దులు పెడుతున్నారు సరే, బండ్ల వేగం సంగతేమిటి?

చాలా సమావేశాల్లో ఎవరూ ఎత్తని ప్రశ్న ఇది. ఇళ్ళ మధ్య 50, 60లో పోయే బండి స్కేటర్‌కే కాదు, బంతి కోసం వంగిన పిల్లకీ, చెత్త వేయడానికొచ్చిన పెద్దావిడకీ ప్రమాదమే. 30 పరిమితి, మలుపుల్లో ఇరుకు, దారి మధ్య అడ్డుదిమ్మలు అందరికీ పనికొస్తాయి. స్పీడ్ బ్రేకర్ కట్టేటప్పుడు పక్కన సైకిలుకు, బోర్డుకు సన్నని ఖాళీ వదలండి. బోర్డు నిషేధిస్తూ బండ్ల వేగం ముట్టుకోని తీర్మానానికి నేనైతే చేయెత్తను.

పూర్తిగా ఆపకుండా, వారానికి కొన్ని గంటలు ఇస్తే?

బాగుంటుంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 2009లో కొందరు తల్లులు తమ వీధిని కొన్ని గంటల పాటు రాకపోకల బండ్లకు మూసి పిల్లలకు వదిలారు. ఆ పద్ధతి తర్వాత ఎన్నో ఊళ్ళకు పాకింది. ఆ వీధిలో ఇల్లున్నవాళ్ళ కారును, పక్కన ఒక పెద్దమనిషి నడుస్తూ ఉండగా, నడక వేగంతో రానిస్తారు. అంబులెన్సుకు దారి ఎప్పుడూ ఉండాలి. స్థానిక సంస్థ అనుమతి తీసుకోకుండా తాళ్ళు కట్టకండి.

స్కేట్‌పార్కు ఉండగా వీధెందుకు?

పార్కు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటే సగం గొడవ తీరినట్టే. బస్సులు మారి గంట ప్రయాణం చేయాలంటే పదేళ్ళ పిల్లకు అది లేనట్టే లెక్క. ఊరి చివర, దీపాలు లేని చోట పార్కు కట్టి "ఇచ్చాం కదా" అనడం చెల్లదు. అమ్మాయిలు అసలే వెళ్ళరు. గిన్నెల్లాంటి పెద్ద కాంక్రీటు గుంతలు కట్టనక్కర్లేదు కూడా. చదును నేల, ఒక అరుగు, ఒక చిన్న వాలు, ఇంతే చాలు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో బర్న్‌సైడ్ వంతెన కింద స్కేటర్లు 1990లో సొంతంగా సిమెంటు పోసి మొదలుపెట్టిన పార్కును తర్వాత నగరమే ఒప్పుకుంది.

మోటారు ఉన్న బోర్డులకూ ఇదే నియమమా?

కాదు. మోటారు బోర్డు కాలితో తోయకుండానే వేగం అందుకుంటుంది, ఎగువకు కూడా అదే వేగంతో పోతుంది. చాలా దేశాల్లో వీటికి విడిగా చట్టం ఉంటుంది. మీ నియమంలో ఈ రెంటికీ వేర్వేరు వాక్యాలు రాయండి.

ఏ వయసు నుంచి వీధిలోకి పంపొచ్చు?

అయిదేళ్ళ లోపు పిల్లలకు స్కేట్‌బోర్డే వద్దని, పదేళ్ళ లోపువాళ్ళు పెద్దవాళ్ళు దగ్గరుండి చూస్తేనే ఎక్కాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సలహా. చిన్నపిల్లల్లో ఒంటి బరువుతో పోలిస్తే తల బరువు ఎక్కువ, తూలితే నిలదొక్కుకోలేరు, వచ్చే బండి ఎంత వేగంగా ఉందో అంచనా కట్టలేరు. పదేళ్ళు దాటాక కూడా వయసు ఒక్కటే కొలత కాదు. కాలితో నేల రాపాడించి, చెప్పిన చోట బోర్డు ఆపగలిగితే అప్పుడు ఇంటి గేటు దాటనివ్వండి.

హెల్మెట్ తప్పనిసరి చేయాలా? సైకిల్ హెల్మెట్ సరిపోతుందా?

పిల్లలకు తప్పనిసరి చేయమంటాను. యూరప్ ప్రమాణం ఈఎన్ 1078 సైకిల్‌కూ స్కేట్‌బోర్డుకూ కలిపే ఉంటుంది. అమెరికాలో స్కేటింగ్‌కు విడిగా ఏఎస్‌టీఎం ఎఫ్1492 ఉంది. స్కేటింగ్ హెల్మెట్ తల వెనక భాగాన్ని ఇంకాస్త కిందికి కప్పుతుంది. బోర్డు మీద వెనక్కి పడటం ఎక్కువ కాబట్టి అదే మేలు. లోపల ప్రమాణం ముద్ర లేని హెల్మెట్ ఎంత నిగనిగలాడినా కొనకండి. గట్టి దెబ్బ తిన్నదాన్ని మార్చేయండి. మణికట్టు పట్టీలు కూడా వేస్తే కొత్తవాళ్ళకు చాలా దెబ్బలు తప్పుతాయి.

మాట వినకపోతే బోర్డు లాక్కోవచ్చా? జరిమానా వేయొచ్చా?

లాక్కోవద్దు. అది పరాయి సొమ్ము, నివాసుల సంఘానికి ఆ హక్కు ఉండదు. పెనుగులాటలో ఎవరికైనా దెబ్బ తగిలితే తప్పు మీ నెత్తినే పడుతుంది. జరిమానా వేసే అధికారం స్థానిక సంస్థకో పోలీసులకో ఉండాలి. ముందు మాటతో చెప్పడం, తర్వాత ఇంట్లోవాళ్ళకు తెలియజేయడం, అదీ కాకపోతే అధికారులు. ఈ వరస నియమంలోనే రాసిపెట్టండి.

## నియమం వచ్చాక

నేనే స్కేటర్‌ని. ఏం చేస్తే మా మీద ఫిర్యాదులు ఆగుతాయి?

ఒకే ఇంటి ముందు గంటలకొద్దీ ఉండొద్దు, చోటు మార్చండి. చీకటి పడ్డాక తోక కొట్టే విన్యాసాలు ఆపండి. ఎదురుగా ఎవరైనా నడిచి వస్తుంటే దిగండి. ఒక్క చెవిలో కూడా పాటలు పెట్టుకోకండి, వెనక వచ్చే బండి వినబడాలి. కదిలే బండిని పట్టుకుని పోవడం ఎవరు చేసినా గుంపంతా అడ్డుకోండి, వీధి మొత్తం మీద నిషేధం రావడానికి అలాంటి ఒక్క వీడియో చాలు. నీళ్ళ సీసాలు, విరిగిన బోర్డు ముక్కలు తీసేసి వెళ్ళండి. ఇంకోమాట, సమావేశానికి రండి. మీరు లేని చోట మీ గురించి రాసే నియమం మీకు నచ్చేలా ఉండదు.

ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది?

దేశాన్ని బట్టి, సందర్భాన్ని బట్టి మారుతుంది. బండి వేగం ఎంత, స్కేటర్ ఉన్న చోటు అనుమతించిన చోటేనా, గుంత గురించి ముందే ఫిర్యాదు ఉందా, ఇవన్నీ చూస్తారు. జరిగిన వెంటనే ఫొటోలు, సాక్షుల వివరాలు తీసుకోండి. తలకు తగిలితే "ఏం కాలేదు" అన్నా వైద్యుడికి చూపించండి. వాంతి, మగత, మాట తడబడటం కనిపిస్తే అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి.

నియమం పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఫిర్యాదులు తగ్గాయా అని మాత్రమే చూస్తే మోసపోతారు. పిల్లలు పక్కనున్న పెద్ద రోడ్డు మీదికి వెళ్ళిపోయినా మీ వీధిలో ఫిర్యాదులు తగ్గుతాయి! వాళ్ళు ఇప్పుడు ఎక్కడ ఆడుతున్నారో వెళ్ళి చూడండి. అందుకే నియమానికి ఆరు నెలల గడువు పెట్టి రాయమంటాను. గడువు దాటాక మళ్ళీ ఓటు పడకపోతే అది దానంతట అదే రద్దవ్వాలి.